వికలాంగ విద్యార్థి చదువునకు పద్దు

ఆషాఢ శ్రావణములలో మన ఆమదాలవలస ప్రాంతమున ఊడ్పులు సాగును. విత్తనము, ఎరువు, కూలి అన్నిటికిని రొక్కము అప్పుడే కావలయును. కళాశాల రుసుములును అప్పుడే వచ్చిపడును. ధాన్యము చేతికి వచ్చుట మార్గశిర పుష్యములలో గాని కాదు. ఈ నడిమి నెలలలోనే పెక్కు కుటుంబములు అప్పులపాలగుచున్నవి. బిడ్డకు అంగవైకల్యము గూడ నున్నచో చిక్కు మరింత యెక్కువ.

నాగలి పట్టలేనివానికి చదువెందుకని కొందరందురు. నాగలి పట్టలేని బిడ్డకు చదువే మాగాణి యని మా యభిప్రాయము. అయితే ఆ సేద్యమునకును పద్దు వలయును.

రుసుము, వసతి, భోజనము అందరును వ్రాయుదురు. వ్రాయక విడుచునవి వేరు: ఆటో బాడుగ, తోడు వచ్చువాని ప్రయాణము, చక్రాల కుర్చీ మరమ్మతు, వినికిడి యంత్రపు బ్యాటరీలు. శ్రీకాకుళము మీదుగా ఎచ్చెర్ల విశ్వవిద్యాలయమునకు పోవు విద్యార్థికి దినమునకు రు. 100 లు అదనపు బాడుగ యగుననుకొందము. 200 దినములకు రు. 20,000 లు! దీనిని ముందుగనే వ్రాసికొనవలయును.

పిమ్మట హక్కులు. నూటికి 40 పాళ్లకు తగ్గని వైకల్యము గలవారికి, 2016 సంవత్సరపు చట్టము ప్రకారము, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాలయములలో నూటికి 5 కు తగ్గకుండ సీట్లును, వయస్సున 5 ఏండ్ల సడలింపును గలవు. పుస్తకములు, ఉపకరణములు ఉచితముగ నిచ్చు నియమము మాత్రము 18 ఏండ్లతో ముగియును. సరిగా అప్పుడే పెద్ద చదువు మొదలగును. తలిదండ్రుల వార్షికాదాయము రు. 2,50,000 లకు మించనిచో కేంద్ర విద్యార్థివేతనమునకు జాతీయ పోర్టలులో దరఖాస్తు చేయవచ్చును. ఆ సొమ్ము చేతికి రాకముందే ఖర్చునకు లెక్కింపరాదు. మన రాష్ట్రమున 2024 జూలై మొదలు వికలాంగుల పింఛను నెలకు రు. 6,000 లు, అనగా ఏటికి రు. 72,000 లు. అది బిడ్డ ఖాతాలోనే యుండనిండు, ఎరువునకు మరల్పకుడు. వీనికన్నిటికిని మూలము సదరం ధ్రువపత్రమే గనుక దానిని ముందుగ సంపాదింపుడు.

అప్పు చివరిమాట. పంటఋణమును చదువునకు త్రిప్పరాదు. రు. 3 లక్షల లోపు పంటఋణము గడువున దీర్చినవారికి వడ్డీ నూటికి 4 మాత్రమే పడును. గడువు దప్పినచో ఆ తగ్గింపు పోవును. బ్యాంకులలో విద్యాఋణము వేరుగ గలదు. రు. 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకయే దొరకును. సాధారణముగ చదువు ముగిసిన ఏడాదికి గాని వాయిదాలు మొదలుగావు.

సభ్యులారా, మీ గ్రామమున నిట్టి విద్యార్థి యున్నచో ఊడ్పులకు ముందే ఈ పద్దు వ్రాయుటకును, దరఖాస్తులు నింపుటకును తోడ్పడుడు. చదువుకొన్న సభ్యునికి అది ఒక్క పూట పని. ఆ బిడ్డకు బ్రతుకుతెరువు.