మూగజీవాల పేరు చెప్పి చందా అడిగితే...

పాత్ర ఎరిగి దానం చేయాలి, పొలం ఎరిగి విత్తనం వేయాలి అంటారు పెద్దలు. చవుడు నేలలో ఎవరైనా విత్తనాలు చల్లుతారా? చల్లరు. దానం కూడా అంతే. ఎవరికి ఇస్తున్నామో తెలుసుకుని ఇవ్వాలి.

మన ఊళ్లలో పెట్టే గుణానికి కొదవ లేదు. కూలికి పోయే అమ్మ కూడా గుమ్మం ముందుకు వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపదు. ఆవుకు జబ్బు చేసిందంటే అయ్యో అంటుంది. కొంగుముడి విప్పి పది రూపాయలు ఇస్తుంది. కొందరు మోసగాళ్లకు ఈ మంచి గుణమే పెట్టుబడి.

పశువు నోరు లేనిది. "నా పేరు చెప్పి వసూలు చేశారు, నాకు గడ్డి పరక కూడా పెట్టలేదు" అని అది చెప్పలేదు. అందుకే ఈ మోసం తొందరగా బయటపడదు.

గోశాల ఉందా? రశీదు పుస్తకమే ఉందా?

వట్టిపోయిన ఆవుల్ని, కాలు విరిగిన ఎద్దుల్ని ప్రేమగా సాకే గోశాలలు చాలా ఉన్నాయి. వాటికి మన సాయం కావాలి. కానీ కొందరి దగ్గర ఫోటోలు, రశీదు పుస్తకం మాత్రమే ఉంటాయి. ఆవులు ఉండవు.

నిజమైన గోశాలను గుర్తుపట్టడం ఎలా? పశువుల్ని సాకినవాళ్లకు ఇది కష్టం కాదు. ఒక పెద్ద ఆవుకు రోజుకు సుమారు 15 కిలోల పచ్చిగడ్డి, 5 కిలోల ఎండుగడ్డి కావాలి. "మా దగ్గర 100 ఆవులు ఉన్నాయి" అని ఒకరు చెప్పారనుకోండి. లెక్క వేయండి. రోజుకు 1,500 కిలోల పచ్చిగడ్డి కావాలి. 500 కిలోల ఎండుగడ్డి కావాలి.

మరి ఆ గడ్డి ఎక్కడి నుంచి వస్తోంది? గడ్డివాము ఎక్కడ ఉంది? నీళ్ల తొట్లు ఎన్ని? పేడకుప్ప ఎంత ఉంది? ఆవులు ఉన్న చోట పేడ ఉండక తప్పదు. గాలికుంటు టీకాలు ఎవరు వేస్తున్నారు? వీలైతే ఒకసారి వెళ్లి చూసి రండి. దూరమైతే అటువైపు పోయే చుట్టాలను చూసి రమ్మనండి. "చూడటానికి వీల్లేదు" అంటే ఇవ్వకండి.

గంగిరెద్దులాయన సంగతి వేరు. ఆయన ఎద్దును మన ముందే ఆడిస్తాడు. సన్నాయి ఊదుతాడు. బియ్యమో పాత బట్టో అడుగుతాడు. అది ఆయన బతుకుతెరువు. అందులో దాపరికం లేదు.

ఫోన్లో కనిపించేదంతా నిజం కాదు

ఇప్పుడు చాలా ఇళ్లలో ఫోన్లు ఉన్నాయి. అందులో వీడియోలు వస్తాయి. కుక్కపిల్ల బురదలో కూరుకుపోయి అరుస్తూ ఉంటుంది. పిల్లిపిల్ల మీదికి పాము వస్తూ ఉంటుంది. అంతలో ఒకతను వచ్చి కాపాడతాడు. చివర్లో "డబ్బు పంపండి" అని రాసి ఉంటుంది.

ఒక్క ప్రశ్న వేసుకోండి. కాపాడే మనిషి రాకముందే వీడియో తీసింది ఎవరు? పిల్ల అరుస్తుంటే తీయకుండా ఎందుకు చూస్తూ నిలబడ్డారు?

ఇలాంటి కొన్ని వీడియోల్లో పిల్లను బురదలో వేసినవాళ్లే దాన్ని బయటికి తీస్తారు. డబ్బు వస్తే ఇంకో పిల్లను వేస్తారు. ఇలాంటి నాటకాలు ఎక్కువ కావడంతో 2021లో యూట్యూబ్ సంస్థ వాటిని నిషేధిస్తున్నట్టు చెప్పింది. అయినా జాగ్రత్తగా ఉండాలి. జాలిపడి మనం పంపే డబ్బే మరో పిల్లకు ఆపద తేవచ్చు.

పాలపిట్ట సంగతి

తెలంగాణలో దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదంటారు. అది తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. కొందరు దాన్ని వల వేసి పడతారు. కాళ్లు కట్టేస్తారు. పంజరంలో పెట్టి డబ్బు తీసుకుని చూపిస్తారు. "డబ్బిస్తే వదిలేస్తాం, పుణ్యం వస్తుంది" అని అడిగేవాళ్లూ ఉంటారు.

డబ్బిచ్చి విడిపిస్తే ఒక పిట్ట ఎగిరిపోతుందేమో. కానీ ఆ డబ్బు చూసి రేపు ఇంకో నాలుగు పిట్టల్ని పడతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పాలపిట్టను పట్టడం నేరం. అలాంటివాళ్లు కనిపిస్తే డబ్బు ఇవ్వకండి. అటవీ శాఖవాళ్లకు చెప్పండి. పాలపిట్టను పొలం గట్టు మీద, కరెంటు తీగ మీద చూస్తే చాలు.

ఇచ్చే ముందు అడగండి

1. సంస్థ పేరేమిటి? ఎక్కడ ఉంది? సొసైటీగానో ట్రస్టుగానో నమోదు అయిందా? ఆ కాగితం చూపించమనండి.

2. రశీదు ఇస్తారా? రశీదు మీద సంస్థ పేరు, చిరునామా, వరుస నంబరు ఉన్నాయా? మీరు ఇచ్చిన మొత్తమే రాశారా? చదివి తీసుకోండి.

3. ఫోన్లో పంపేటప్పుడు ఎవరి పేరు కనిపిస్తోంది? సంస్థ పేరా? ఎవరో మనిషి పేరా?

4. పోయిన ఏడాది ఎంత వచ్చింది? దేనికి ఖర్చు చేశారు? లెక్క చెప్పగలరా?

5. "ఇప్పుడే ఇవ్వాలి, లేకపోతే చచ్చిపోతుంది" అని తొందరపెడుతున్నారా? అయితే ఏ పశువుల ఆసుపత్రిలో ఉందో అడగండి. ఆ ఆసుపత్రికే ఫోన్ చేయండి.

అడగడం తప్పు కాదు. నిజాయితీగా పనిచేసేవాళ్లకు కోపం రాదు. సంతోషంగా చూపిస్తారు.

డబ్బే సాయం కాదు

మోసాలు ఉన్నాయని సాయం మానుకోకూడదు. అలా చేస్తే నష్టపోయేది మూగజీవాలే. డబ్బు బదులు మోపెడు గడ్డి వేయవచ్చు. తవుడు, చిట్టు ఇవ్వవచ్చు. ఎండాకాలంలో ఇంటి ముందు నీళ్ల తొట్టి పెట్టవచ్చు. పశువుకు దెబ్బ తగిలితే 1962 నంబరుకు ఫోన్ చేయండి. సంచార పశువైద్య వాహనం కోసం పెట్టిన నంబరు అది. పశువుల్ని హింసించడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. ఎవరైనా హింసిస్తుంటే పోలీసులకు చెప్పవచ్చు.

పొదుపు సంఘం అక్కలు తలా పది రూపాయలు వేసుకుంటే ఇంకా మేలు. ఇద్దరు వెళ్లి గోశాల చూసి వస్తారు. మిగతావాళ్లకు చెబుతారు. అందరి మాట మీద ఇస్తారు.

మోసపోతే ఏం చేయాలి?

సిగ్గుపడి దాచుకోకండి. ఫోన్లో డబ్బు పంపి మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది. చేతికి ఇచ్చి మోసపోతే రశీదు తీసుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. ఊళ్లో పదిమందికీ చెప్పండి. పక్కింటివాళ్లయినా జాగ్రత్త పడతారు.

ఆలోచించండి, చర్చించండి

1. మీ ఊరికి ఎవరెవరు చందాలకు వస్తున్నారు? వాళ్లు రశీదు ఇస్తున్నారా?

2. మీ దగ్గరలో గోశాల ఉందా? మీలో ఎవరైనా చూశారా? అక్కడ ఏం కనిపించింది?

3. 30 ఆవులకు రోజుకు ఎంత పచ్చిగడ్డి, ఎంత ఎండుగడ్డి కావాలి? లెక్క కట్టండి.

4. 1962, 1930: ఈ రెండు నంబర్లు మీ ఇంటి గోడ మీద రాసుకోండి. ఏది దేనికో పక్కన రాయండి.