‘మెండోర’లో అక్షరాలెన్ని?

మీకు తెలుసా? ‘మెండోర’ అనే ఊరి పేరును మనం మూడక్షరాల్లో రాస్తే ఫోన్ ఆరు లెక్కపెడుతుంది: మ, ఎత్వం, సున్నా, డ, ఓత్వం, ర. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. మనకు కేటాయించిన గళ్లు 128, ఒక్కో గుర్తుకు ఒక్కో నెంబరు. వెబ్ పేజీలు వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. ఆ లెక్కన ఊరి పేరు తెలుగులో 18 బైట్లు, ఇంగ్లిషులో 7.

నెంబరు ఒక్కటే ఉంటే అక్షరం కనబడదు. పోచంపాడు దగ్గర గోదావరికి అడ్డుకట్టిన శ్రీరాంసాగర్ పేరే చూడండి. అందులోని ‘శ్రీ’ ఒక్కటే నాలుగు గుర్తులు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని ఒకదానికింద ఒకటి పేర్చే పని బ్రౌజర్ వెనకాల జరగాలి, అందుకు ఫాంటూ ఉండాలి. ఫాంటు లేకపోతే డబ్బాలు డబ్బాలుగా వస్తుంది. పేర్చడం రాకపోతే పొల్లు ఒకచోట, ‘ర’ ఒకచోట పడతాయి.

ఆండ్రాయిడ్‌లో తెలుగు 2012లో 4.1 కూర్పుతో అధికారికంగా చేరింది. అంతకుముందు, బటన్ ఫోన్ల కాలంలో, తెలుగు చదువరులను ఆదుకున్నది ఒపెరా మినీ అనే బ్రౌజర్. అడ్రసు గడిలో ‘ఒపెరా:కాన్ఫిగ్’ అని కొట్టి, సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడమనే చోట ‘ఎస్’ పెడితే సరిపోయేది. ఎక్కడో ఉన్న సర్వరే అక్షరాలను బొమ్మలుగా గీసి పంపేది. ఫోన్‌కు తెలుగు రాకున్నా వార్తలు చదవగలిగేవాళ్లం. బ్రౌజర్ల చరిత్రలో మన భాషకు జరిగిన గొప్ప మేళ్లలో ఇదొకటని నా నమ్మకం.

ఇప్పుడు ఫోన్‌లో తెలుగు కనబడటం తయారీదారుల దయ మీద లేదు. ఐఎస్ 16333 మూడో భాగం అనే భారతీయ ప్రమాణం ప్రకారం ఫోన్ 22 భారతీయ భాషలనూ చూపగలగాలి.

తెలుగు చూపగల ఫోన్లకూ పేర్చడంలో చిక్కులు వస్తాయి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను కూల్చింది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు, ఆపై దీర్ఘం, ఈ వరుస వస్తే సందేశాల యాప్‌లు మూతపడేవి. అదే నెలలో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ 11.2.6 కూర్పుతో సరిచేశారు.

అక్షరాలు సరిగ్గా కనబడితేనే సరిపోదు, సరిగ్గా వినబడాలి కూడా. వెబ్ పేజీ ఏ భాషదో చెప్పే చిన్న గుర్తు ఒకటి, పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో ఉంది, తెలుగుకు ‘టీఈ’. చూపులేనివారికి ఫోన్ పైకి చదివి వినిపించేటప్పుడు ఏ గొంతు వాడాలో దాన్నిబట్టే తెలుసుకుంటుంది. ఉదాహరణకు, ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ అయిన ఈ-నామ్‌లో 2016 ఏప్రిల్ 14న చేరిన తొలి 21 మార్కెట్లలో నిజామాబాద్ ఉంది. అక్కడి పసుపు ధరను ఒక వెబ్ పేజీలో తెలుగులోనే రాసి, భాష గుర్తు మాత్రం ఇంగ్లిషుది వదిలేస్తే, చూపులేని రైతు ఫోన్ ఇంగ్లిషు గొంతుతో తడబడుతుంది. రెండక్షరాలు మార్చే పని అది. చేయకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.