ఆదర్శాన్ని పెళ్లాడినవారు

చేసుకుంటే దైవసేవకుణ్ణే చేసుకుంటానని తీర్మానించుకునే ఆడపిల్లలు మన సంఘాల్లో అరుదు కాదు. ఆ తీర్మానాన్ని మెచ్చుకోవడమే మనకు అలవాటు. దాన్ని కొంచెం నిదానంగా పరిశీలించాలనుకునేవారికి, ముఖ్యంగా పెళ్లీడు పిల్లలున్న తల్లిదండ్రులకు, ఈ వారం ఒక ఇంగ్లిష్ నవలను పరిచయం చేస్తున్నాను. పేరు ‘మిడిల్‌మార్చ్’. రాసినవారు జార్జ్ ఎలియట్. పేరు మగవాడిదే గానీ ఆమె అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్. నవల 1871-72లో ఎనిమిది భాగాలుగా వెలువడింది. కథ జరిగేది అంతకు నలభై ఏళ్ల ముందు, ఇంగ్లండ్ నడిమి ప్రాంతంలోని మిడిల్‌మార్చ్ అనే కల్పిత పట్నంలో.

రచయిత్రి యౌవనంలోనే క్రైస్తవ విశ్వాసానికి దూరమయ్యారు. వివాహితుడైన ఒక రచయితతో పెళ్లి లేకుండా కాపురం చేశారు. ఈ సంగతి దాచి పుస్తకాన్ని పొగడడం న్యాయం కాదు. అయినా భక్తిగల మనసు ఎక్కడెక్కడ తనను తాను మోసగించుకుంటుందో ఆమెకు తెలిసినంతగా చాలామంది ప్రసంగీకులకు తెలియదు.

కథానాయిక డొరోతియా బ్రూక్‌కు ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. తల్లిదండ్రులు లేరు. తల్లి నగలన్నీ చెల్లెలికే ఇచ్చేయబోతుంది (పచ్చల ఉంగరం, దానికి జోడైన కంకణం చూశాక మాత్రం మనసు ఆగదు, ఆ రెండూ ఉంచుకుంటుంది). పేద కూలీలకు మంచి ఇళ్లు కట్టించాలని ప్లానులు గీస్తుంది. ఆ ఇళ్లు నిజంగానే కట్టించడానికి సిద్ధపడిన పొరుగు జమీందారు ఆమెను ఇష్టపడతాడు. ఆమె మాత్రం నలభై అయిదు దాటిన కసాబన్ అనే పాదిరిని ఎంచుకుంటుంది. లోకంలోని పురాణాలన్నిటికీ మూలం ఒకే ఆది ప్రత్యక్షత అని నిరూపించే మహాగ్రంథం కోసం ఆయన ఏళ్ల తరబడి శ్రమిస్తున్నాడు. చూపు పోయిన మిల్టన్ కవి పక్కన కూర్చుని సేవ చేయడం లాంటి భాగ్యం తనకు దొరికిందని ఆమె మురిసిపోతుంది. ఆయన ఎలాంటి మనిషో మాత్రం ఎవరినీ అడగదు. ఎవరైనా చెప్పబోయినా వినదు.

పెళ్లయిన కొద్ది వారాలకే రోమ్ నగరంలో ఆమె ఒంటరిగా కూర్చుని ఏడుస్తుంది. కసాబన్ తాగుబోతు కాదు, చెయ్యి చేసుకునేవాడు కాదు. కానీ ఆ మహాగ్రంథం ఎప్పటికీ తేలని నోట్సుల కుప్ప. జర్మన్ పండితులు ఆ దారిలో ఎప్పుడో ముందుకు వెళ్లిపోయారు, ఆయనకేమో జర్మన్ రాదు. ‘రాయడం ఎప్పుడు మొదలుపెడతారు?’ అని ఆమె ప్రేమతోనే అడుగుతుంది. తనను వెక్కిరించే విమర్శకుల గొంతు ఇంట్లోకే వచ్చినట్టు ఆయనకు తోస్తుంది.

ఇక్కడ రచయిత్రి కాసేపు కథ ఆపి, ఎప్పుడూ డొరోతియా వైపు నుంచే ఎందుకు చూడాలని తనను తానే ప్రశ్నించుకుంటుంది. ఆయనకూ ఒక ఆదర్శం ఉంది: అడగకుండా ఆరాధించే భార్య, పెళ్లితోపాటు దానంతటదే వచ్చే ఆనందం. అది రాలేదు. ఎందుకు రాలేదో ఎవరికీ చెప్పుకోలేడు, భయపడతాడు. భార్యాభర్తల తగవులు తీర్చడానికి కూర్చునే సంఘ పెద్దలు ఈ కొన్ని పేజీలైనా చదివితే బాగుండును.

ఆనాటి ఇంగ్లండ్‌లో విడాకులు కావాలంటే పార్లమెంటే ప్రత్యేక చట్టం చేయాలి, అది ధనవంతులకే సాధ్యం. కాబట్టి చావు ఒక్కటే దారి. అదీ ఆమెను పూర్తిగా విడిపించదు. తన బంధువైన లాడిస్లా అనే యువకుణ్ణి ఆమె పెళ్లాడితే తన ఆస్తి దక్కదని కసాబన్ వీలునామాలో రాసి పోతాడు. కొంత కాలానికి ఆమె ఆ ఆస్తి వదులుకుని లాడిస్లానే చేసుకుంటుంది.

అదే పట్నంలో లిడ్‌గేట్ అనే యువ వైద్యుడున్నాడు. పారిస్‌లో చదివి, వైద్యాన్నే సంస్కరించాలనుకున్నవాడు. రోగాల విషయంలో ఎంత పరిశీలనో పెళ్లి విషయంలో అంత అశ్రద్ధ. భార్య అంటే పని ముగిశాక వినే మధురమైన సంగీతంలా ఉంటే చాలనుకుంటాడు. రోజమండ్ అందమూ పియానో చూసి చేసుకుంటాడు. ఆమె చూసుకున్నదేమో అతని గొప్పింటి చుట్టరికం. ఇద్దరూ పరస్పరం మోసగించుకోలేదు, ఎవరి ఊహను వారు పెళ్లాడారు. అప్పులు పెరుగుతాయి. ఇల్లు వదిలి చిన్నదానికి మారదామని అతను ఏర్పాట్లు చేస్తే, ఆమె గొడవపడకుండా వెళ్లి గుట్టుగా రద్దు చేసి వస్తుంది. చివరికి అతను ధనవంతుల డాక్టరై, యాభై ఏళ్లకే పోతాడు. రాసి మిగిల్చింది వాతరోగం మీద ఒక పుస్తకం.

అప్పు తీర్చుకోవడానికి లిడ్‌గేట్‌కు వెయ్యి పౌండ్లు ఇచ్చినవాడు బల్‌స్ట్రోడ్ అనే బ్యాంకరు. ఊళ్లో పేరుమోసిన భక్తుడు. యౌవనంలో దొంగసొత్తు వ్యాపారంలో సంపాదించాడు, ఒక వారసురాలికి రావలసిన సొమ్ము కాజేశాడు, అన్నిటినీ దేవుని చిత్తమని సర్దిచెప్పుకున్నాడు. ఆ గుట్టు తెలిసి బెదిరిస్తున్న మనిషి అతని ఇంట్లోనే చనిపోతాడు. ఊరంతా గుప్పుమంటుంది.

అతని భార్య హారియెట్‌కు సంగతి చివరగా తెలుస్తుంది. తన అన్న నోట విని ఇంటికి వచ్చి, గదిలో తలుపు వేసుకుంటుంది. నగలన్నీ తీసేసి, సాదా నల్ల గౌను, సాదా టోపీ పెట్టుకుంటుంది. రాత్రి ఎనిమిదింటికి భర్త గదిలోకి వెళ్తుంది. అతను తలెత్తలేకపోతాడు. మనిషి కుంచించుకుపోయి చిన్నగా కనిపిస్తాడు. ఒక చెయ్యి అతని చేతిమీద, ఇంకొకటి భుజంమీద వేసి, తలెత్తి చూడమంటుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఏడుస్తారు. నిజమేనా అని ఆమె అడగదు. నేను నిర్దోషినని అతనూ చెప్పడు.