బైపీసీ అంటే డాక్టరు చదువేనా?

ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న పిల్లను చుట్టాలు అడిగేది ఒకటే- ‘‘డాక్టరమ్మవైతవా బిడ్డా?’’ నీట్‌లో ర్యాంకు రాలేదంటే చాలు, ‘‘మరి సంబంధాలు చూస్తున్నరా?’’ అంటారు. ఈ రెండు ప్రశ్నల నడుమ నలిగే అమ్మాయిలు పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఎంతమందో!

నిజమే, మెడికల్ కాలేజీలు ఇప్పుడు దగ్గరికొచ్చాయి. ఆదిలాబాద్ రిమ్స్ 2008లో వచ్చింది. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండం. మరుసటేడు కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్. అయినా అందరికీ సీట్లు రావు కదా! లాంగ్‌టర్మ్ కోచింగ్ ఒకసారంటే సరే. రెండోసారి ఫీజు కట్టేముందు మాత్రం అమ్మానాన్నలు ఓ పూట కూచుని ఆలోచించాలి.

ఉట్నూరు వైపు గూడేల సంగతే చూడండి. గోండులు, కొలాముల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోతాయి. ఒళ్లునొప్పులు, రక్తహీనత. తల్లికీ తండ్రికీ పైకి ఏమీ లేకపోయినా ఇద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. పెళ్లికి ముందే ఆ మాట తేల్చగలిగేది రక్తపరీక్ష. మొదటి పరీక్షలో లక్షణం ఉందని తెలుస్తుంది కానీ అది జబ్బా, వట్టి వాహకమా అన్నది తేలదు. దానికి ఇంకో పరీక్ష కావాలి. 2047 నాటికి దీన్ని లేకుండా చేయాలని కేంద్రం 2023లో కార్యక్రమం మొదలెట్టింది. చేసే చేతులేవి మరి? ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా రెండేళ్లే. గోండి మాట్లాడే అమ్మాయైతే సూది చూసి జడిసే పిల్లల్ని ఇట్టే మచ్చిక చేసుకోగలదు.

జగిత్యాల పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం, వ్యవసాయ కాలేజీ ఉన్నాయి. బీఎస్సీ అగ్రికల్చర్ నాలుగేళ్లు. సీట్లు ఈఏపీసెట్ ర్యాంకుతో. (నిన్నమొన్నటి మన ఎంసెటే!) ఆదిలాబాద్ పత్తిలో గులాబీ పురుగు కాయ లోపల దాక్కుంటుంది, పైకి చేను పచ్చగానే కనిపిస్తుంది. ఆ చేలో పొద్దంతా వంగి పత్తి ఏరేది ఆడవాళ్లే. విస్తరణాధికారి కూడా అమ్మాయే అయితే వాళ్లు నోరు విప్పి చెప్పుకుంటారు.

నర్సింగ్, ఫార్మసీ అందరికీ తెలిసినవే. ఫీజు కట్టేముందు కాలేజీకి గుర్తింపు ఉందో లేదో చూసుకోండి, అంతే.

అడవంటే ఇష్టమున్న పిల్లలకు కవ్వాల్ ఉంది. 2012లో పులుల అభయారణ్యమైంది. బీట్ ఆఫీసరుకు ఇంటర్ చాలు. కాకపోతే ఆడపిల్లలు నాలుగు గంటల్లో 16 కిలోమీటర్లు నడిచి చూపించాలి. కరీంనగర్ అమ్మాయిలు రేపట్నుంచే మానేరు కట్ట మీద మొదలెట్టొచ్చు.