మాంట్‌ఫర్టు వంశపు స్త్రీలు

లండను నగరమందలి బ్రిటిష్ గ్రంథాలయమున నొక పాత లెక్కల చుట్ట యున్నది. తోలుపై వ్రాయబడిన యా చుట్టలో 1265వ సంవత్సరమున నొక ప్రభుగృహమున ప్రతిదినమును వెచ్చమైన రొట్టెలు, ద్రాక్షసారాయము, మాంసము, చేపలు, గుఱ్ఱముల గడ్డి మున్నగువాని పద్దులు గలవు. చూచుటకది మన యిండ్లలోని వెచ్చముల పుస్తకము వంటిదే. కాని దాని వెనుక నొక గొప్పవంశము పతనమైన కథ యున్నది. ఆ గృహిణి పేరు ఎలీనరు. ఆమె ఇంగ్లండు రాజగు మూడవ హెన్రీకి చెల్లెలు. ఆ రాజుపై తిరుగబడిన సైమన్ డి మాంట్‌ఫర్టునకు భార్య.

ఎలీనరు మామగారి పేరును సైమనే. ఆయన ఫ్రాన్సు దేశపు ప్రభువు. దక్షిణ ఫ్రాన్సులో కాథరులను మతశాఖవారిని రూపుమాపుటకు పోపు మూడవ ఇన్నోసెంటు క్రూసేడును, అనగా మతయుద్ధమును, ప్రకటింపగా 1209లో ఆయన దానికి నాయకుడయ్యెను. ఆయన భార్య ఆలిసు క్రొత్తసేనలను తోడ్కొనివచ్చుచు, యుద్ధాలోచనలయందును పాల్గొనుచుండెను. ఆ యుద్ధము మిగుల క్రూరమైనది. 1211లో లవారు పట్టణము చిక్కినపుడు, దాని యేలికసానియగు గిరోదును నూతిలో త్రోసి పైని ఱాళ్ళు వేసిరి. ఏడేండ్లకు, 1218లో, తులూజు ముట్టడిలో సైమను ఱాతి దెబ్బకే మరణించెను. ఆ ఱాయి విసరిన యంత్రమును నడపినవారు ఆ యూరి స్త్రీలేయని నాటి కావ్యమొకటి చెప్పుచున్నది.

రెండవ సైమను ఇంగ్లండు చేరి లెస్టరు ప్రభుత్వమును సంపాదించెను. ఎలీనరు పదునాఱేండ్లకే, 1231లో, వితంతువై బ్రహ్మచర్యవ్రతము పూనియుండెను. 1238లో వారిరువురును రహస్యముగా వివాహమాడిరి. మొదటి భర్త యాస్తిలో ఆమెకు రావలసిన భాగమును అన్నగారు సరిగా నిప్పింపలేదు. ఈ తగవు ఏండ్లతరబడి సాగి, బావమఱదుల వైరమునకొక కారణమయ్యెను.

1240లో సైమను తానును క్రూసేడునకై పుణ్యభూమికి వెడలెను. 1258లో రాజు మంత్రిసభ సమ్మతితోనే పాలింపవలెనని ప్రభువులు కట్టడి చేసిరి. రాజు మాట తప్పగా యుద్ధము వచ్చెను. 1264లో లూయిస్ వద్ద సైమను రాజును బట్టి, మఱుసటి జనవరిలో పట్టణముల ప్రతినిధులను సైతము పార్లమెంటునకు పిలిపించెను. ఇది ఆయన కీర్తికి మూలము. కాని 1231లో లెస్టరునుండి యూదులను వెడలగొట్టినవాడును, 1264లో లండనులో వారిని జంపిన పక్షమునకు నాయకుడును ఈయనయే. తండ్రి మతావేశము కుమారుని విడువలేదు.

1265 వేసవిలో ఎలీనరు డోవరుకోట చేరి, శాండ్‌విచ్, వించెల్సీ రేవుపట్టణముల పెద్దలకు విందులు చేసెను. ఆ పద్దులును చుట్టలో గలవు. సముద్రతీరము తన పక్షమున నిలుచుటకు ఆమె వంటశాలయే యొక యాయుధమయ్యెను. ఆగస్టు 4వ తేదీన ఈవ్‌షాము యుద్ధములో భర్తయు జ్యేష్ఠపుత్రుడును నొక్కనాడే మడిసిరి. అక్టోబరువఱకు ఆమె కోటను నిలిపి, తుదకు రాజకుమారుడగు ఎడ్వర్డునకు, తన మేనల్లునికే, అప్పగించెను. అప్పుడును తన సేవకులకు క్షమాభిక్ష పుచ్చుకొనియే కదలెను. పిమ్మట ఫ్రాన్సులో మాంటార్జీ కన్యామఠము చేరి 1275లో కాలధర్మము నొందెను.

ఆమె కుమార్తెయు ఎలీనరే. వేల్సురాజగు లువెలినును బెండ్లాడబోవుచుండగా ఆమెను ఎడ్వర్డు సముద్రముమీద పట్టించి మూడేండ్లకు సమీపముగా నిర్బంధించెను. 1278లో వివాహమైనది, 1282లో ప్రసవమున మరణించినది. ఆ యేటనే లువెలినును హతుడయ్యెను. తల్లిదండ్రులు లేని యా పసికందు గ్వెన్లియన్‌ను సెంప్రింగుహాము మఠమునకు పంపిరి. రాజ్యమునకు వారసురాలగు నా బిడ్డ యచ్చటనే పెరిగి, 1337లో అచ్చటనే కన్నుమూసినది.

పురుషులు గెలిచిన రణములకును ఓడిన రణములకును చరిత్రలో పేరులు గలవు. ఆ రణముల ఋణమును దీర్చినవారు ఈ తల్లియు, కూతురును, మనుమరాలును. ఎలీనరు లెక్కల చుట్ట మాత్రము నేటికిని నిలిచి, ఆ యింట ఏనాడెంత రొట్టె కాలెనో చెప్పుచున్నది.