ధైర్యవంతులకూ వచ్చే రుగ్మత

చావును గాని, తీవ్రమైన గాయాన్ని గాని, లైంగిక హింసను గాని స్వయంగా ఎదుర్కొన్నవారిని, లేదా కళ్లారా చూసినవారిని, ఆ ఘటన ముగిసిన చాలాకాలం తరువాత కూడా దాని భయం వదలకుండా పీడించే స్థితిని వైద్యులు పీటీఎస్‌డీ, అంటే దుర్ఘటనానంతర మానసిక ఒత్తిడి రుగ్మత అని వ్యవహరిస్తారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల దుస్థితి చర్చకు వచ్చిన దరిమిలా, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో ఈ పేరును తన వర్గీకరణ గ్రంథంలో చేర్చింది. దుర్ఘటనలకు లోనయ్యేవారిలో మొత్తం మీద పురుషులే ఎక్కువైనా, ఈ రుగ్మత స్త్రీలలో దాదాపు రెండు రెట్లు ఎక్కువగా నమోదవుతోంది. స్త్రీలు ఎదుర్కొనే లైంగిక హింస ఈ తేడాకు ఒక ప్రధాన కారణం కాగా, పురుషులు తమ భయాన్ని భయమని ఒప్పుకోకపోవడం కూడా లెక్కలోకి తీసుకోవలసిన విషయమే.

ఆ ఒప్పుకోలును సమాజం ఎంత కఠినంగా శిక్షించిందో మొదటి ప్రపంచ యుద్ధం చెబుతుంది. కందకాల్లో ఫిరంగి గుండ్ల మోత మధ్య గడిపిన సైనికుల్లో కనిపించిన లక్షణాలను 1915లో చార్లెస్ మైయర్స్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో 'షెల్ షాక్' అనే మాటతో చర్చించాడు. పేలుడు తాకిడికి మెదడు అదరడమే కారణమని మొదట భావించినా, పేలుడుకు దూరంగా ఉన్నవారిలోనూ అవే లక్షణాలు బయటపడటంతో, ఇది పిరికితనమేనన్న అనుమానం బలపడింది. పిరికితనం, సైన్యం నుంచి పారిపోవడం వంటి నేరాలకు బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన 306 మందికి ఆ దేశం 2006లో గాని క్షమాభిక్ష ప్రకటించలేదు. ఆ యుద్ధ కాలంలోనే ఎడిన్‌బరో దగ్గరి క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో సైనికాధికారులకు చికిత్స చేసిన డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ (నీలగిరుల్లోని తోడాల మీద గ్రంథం రాసిన మానవశాస్త్రవేత్త ఈయనే) జరిగినదాన్ని మరచిపొమ్మనే సలహాయే రోగికి చేటు చేస్తోందనీ, పగలు బలవంతాన అణచిన జ్ఞాపకం రాత్రి పీడకలగా తిరిగివస్తోందనీ గమనించాడు. మన ఇళ్లలో ఈనాటికీ మొదట వినిపించేది ఆ సలహాయే కావడం విచారకరం.

జరిగినది కళ్లముందు మళ్లీ జరుగుతున్నట్టు అనిపించడం, దాన్ని గుర్తుచేసే చోట్లకూ మాటలకూ దూరంగా తొలగడం, ఎవరి మీదా మమకారం కలగకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం ఈ రుగ్మత ముఖ్య లక్షణాలు. తొలి వారాల్లో ఇవి చాలామందిలో సహజంగా కనిపించి తగ్గిపోతాయి గనుక, నెల దాటినా కొనసాగి, పనినీ సంసారాన్నీ దెబ్బతీసినప్పుడే వైద్యులు దీన్ని రుగ్మతగా నిర్ధారిస్తారు. అయితే ప్రమాదం నుంచి బయటపడిన లారీ డ్రైవరు గాని, 1977 నాటి దివిసీమ ఉప్పెన వంటి విపత్తులో శవాలను మోసినవాడు గాని, డాక్టరు దగ్గర 'నాకు భయంగా ఉంది' అనడం అరుదు. నిద్ర పట్టడం లేదనో, గుండె దడగా ఉందనో అంటాడు. భార్యాపిల్లల మీద విరుచుకుపడటం, తాగుడు పెరగడం, క్షణం తీరిక లేకుండా పనిలో మునగడం ఇంట్లోవారికి స్వభావంలో వచ్చిన మార్పులుగానే తోస్తాయి. మద్యం మొదట నిద్ర పట్టిస్తుంది గాని తెల్లవారుజామున ఆ నిద్రనే చెడగొడుతుంది కాబట్టి, మందుగా మొదలైనది రెండో జబ్బుగా మారుతుంది.

శిక్షణ పొందిన నిపుణుని సమక్షంలో, భద్రమైన చోట, ఆ జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, దాని చుట్టూ అల్లుకున్న 'తప్పంతా నాదే' వంటి తలపులను పరీక్షించే మానసిక చికిత్సలకు నేడు మంచి ఆధారాలున్నాయి. సెర్‌ట్రాలిన్ వంటి మందులు కొందరికి తోడ్పడతాయి. అలవాటుపడే ప్రమాదమున్న నిద్రమాత్రలను సొంతంగా కొని వాడటం మాత్రం మంచిది కాదు. పీడకలతో పెనుగులాడుతున్న మనిషిని పట్టి కుదపకుండా కాస్త దూరం నుంచి పేరు పెట్టి పిలవడం, చెప్పమని ఒత్తిడి చేయకుండా అతను చెప్పినప్పుడు వినడం కుటుంబం చేయగల సాయం. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత సేవకు, 14416 నంబరులో, బాధితుడే కాదు, అతని మార్పును ముందుగా పసిగట్టిన భార్యో తల్లో కూడా ఏ వేళనైనా ఫోను చేయవచ్చు.