వేతనం విడిచే ముందు వేసుకోవలసిన లెక్క

సోలాపూర్ నగరపు తూర్పు భాగంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా నూలును నమ్ముకొని జీవిస్తున్నాయి. తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన పద్మశాలీలు మొదట చేతిమగ్గంపైన, తరువాత నూలు మిల్లులలో, ఆపైన మరమగ్గాలపైన పనిచేశారు. చాదర్లు, టవళ్లు ఈ నగరానికి పేరు తెచ్చాయి. పెద్ద మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడిన తరువాత కుట్టుపని కార్ఖానాలు, ముఖ్యంగా పాఠశాల యూనిఫాంలు తయారుచేసేవి, వేలాది కుటుంబాలకు ఆధారమయ్యాయి. అటువంటి కార్ఖానాలో పదేళ్లపాటు పనిచేసి కటింగు, కుట్టు, గుండీల పని, ఆర్డర్ల వ్యవహారం ఆకళించుకొన్న వ్యక్తికి సొంతంగా నాలుగు మిషన్లు వేసుకోవాలన్న ఆలోచన కలగడం సహజం. నగరంలోని ఎన్నో కార్ఖానాలు ఇటువంటి ఆలోచన నుండే పుట్టాయి.

అయితే ఉద్యోగం విడిచిన వారిలో కొందరు మొదటి ఏడాదిలోనే చిక్కుల్లో పడుతుంటారు. పనిలో నైపుణ్యం లేకపోవడం దీనికి కారణం కాదు. చేతికి వచ్చే జీతాన్ని మాత్రమే లెక్కించి, దాని వెనుక ఉన్న రక్షణలను లెక్కించకపోవడం, రాజీనామాకు తేదీ ఎంచుకోవడంలో తొందరపడడం ఇందుకు ప్రధాన కారణాలు. ఈ రెండింటినీ ఎలా సరిచూసుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

జీతంలో కనిపించని భాగం

ఒక ఉదాహరణ తీసుకొందాం. ఒక కార్మికుని నెల జీతం 18,000 రూపాయలు. అందులో మూలవేతనం, కరువు భత్యం కలిపి 15,000. ఇందులో 12 శాతం, అనగా 1,800 రూపాయలు భవిష్యనిధికి, మొత్తం జీతంపై 0.75 శాతం, అనగా 135 రూపాయలు ఈఎస్ఐకి కోతపడతాయి. వృత్తిపన్నును పక్కన పెడితే చేతికి అందేది 16,065. చాలా ఇళ్లలో ఈ అంకె ఒక్కటే జీతంగా గుర్తుంటుంది.

యజమాని తన వంతుగా చెల్లించేది వేరే ఉంది. భవిష్యనిధి చట్టం కింద 1,800 రూపాయలు జమ అవుతాయి. వాటిలో 1,250 పింఛను ఖాతాకు, 550 భవిష్యనిధి ఖాతాకు చేరతాయి. ఈఎస్ఐకి యజమాని వాటా 3.25 శాతం, అనగా 585 రూపాయలు. గ్రాట్యుటీ ప్రతి పూర్తి సంవత్సర సేవకు పదిహేను రోజుల వేతనం. నెల వేతనాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే వచ్చే మొత్తం అది. మన ఉదాహరణలో ఏటా 8,654 రూపాయలు, నెలకు సుమారు 721. ఈ మూడూ కలిపితే నెలకు 3,106 రూపాయలు.

కాబట్టి సొంత యూనిట్‌లో అన్ని ఖర్చులూ పోను నెలకు 18,000 మిగిలితే పాత జీతానికి సమానమైనట్లు కాదు. 21,106 మిగిలితేనే సమానం. వేతనంతో కూడిన సెలవులు, ఏటా అందే బోనసు ఈ లెక్కలోకి ఇంకా రాలేదు. వాటిని కూడా కలుపుకొని, సొంత యూనిట్ కనీసం ఎంత సంపాదించాలో ముందుగా కాగితంపై వ్రాసుకోవడం మంచిది.

రాజీనామా తేదీ ఎందుకు ముఖ్యం

గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల నిరంతర సేవ అవసరం. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ప్రకారం నిర్ణీత కాలానికి నియమితులైన వారికి ఏడాది సేవ చాలు. ఐదేళ్లు నిండడానికి కొన్ని నెలలే మిగిలి ఉన్నవారు తొందరపడి వెళ్లిపోతే ఒక మిషన్ కొనగల సొమ్మును వదులుకొన్నట్లే. మన ఉదాహరణలోని కార్మికుడు ఎనిమిదేళ్లు పనిచేసి ఉంటే అతనికి రావలసిన గ్రాట్యుటీ సుమారు 69,231 రూపాయలు. దీనిని 30 రోజుల్లోగా చెల్లించడం యజమాని బాధ్యత. రాజీనామా చేసిన వారికి బాకీ ఉన్న వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతన స్మృతి చెబుతున్నది.

పింఛనుకు పదేళ్ల సభ్యత్వం ఉండాలి. పింఛను వేతనాన్ని సేవాకాలంతో గుణించి 70తో భాగిస్తే నెల పింఛను తెలుస్తుంది. పింఛను వేతనం 15,000, సేవ పదేళ్లు అయితే 58వ ఏట నుండి నెలకు సుమారు 2,143 రూపాయలు. మొత్తం చిన్నదే. కానీ అది జీవితాంతం వస్తుంది, సభ్యుని అనంతరం జీవిత భాగస్వామికి కుటుంబ పింఛనుగా కొనసాగుతుంది. తొమ్మిదేళ్లు దాటినవారు పదేళ్లు నిండే వరకు ఆగవచ్చునేమో ఆలోచించాలి. పదేళ్లు నిండనివారు పింఛను సొమ్మును వెనక్కి తీసుకొనే బదులు ఫారం 10సీ ద్వారా పథక ధ్రువపత్రం పొందవచ్చు. వ్యాపారం కుదరక మళ్లీ ఉద్యోగంలో చేరవలసి వస్తే పాత సేవ కొత్త సేవతో కలుస్తుంది.

ఈఎస్ఐ వైద్యసేవల విషయంలో తేదీ ప్రభావం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు ఒక చందా కాలం. దానికి సంబంధించిన ప్రయోజన కాలం మరుసటి జనవరి నుండి జూన్ వరకు. అక్టోబరు నుండి మార్చి వరకు కట్టిన చందాకు ప్రయోజన కాలం జూలై నుండి డిసెంబరు వరకు. ఒక చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా చెల్లించి ఉంటే దానికి తగిన ప్రయోజన కాలం ముగిసే వరకు వైద్యసేవలు అందుతాయి. అందువల్ల ఏప్రిల్ నుండి పనిచేసి సెప్టెంబరు చివర విడిచిపెట్టిన కార్మికుని కుటుంబానికి మరుసటి జూన్ 30 వరకు ఈఎస్ఐ ఆసుపత్రి తలుపు తెరిచే ఉంటుంది.

యూనిఫాం వ్యాపారానికి ఈ కాలం సరిగ్గా సరిపోతుంది. మహారాష్ట్రలో పాఠశాలలు జూన్ నడుమ తెరుచుకొంటాయి. ఆర్డర్లు వేసవికి ముందు వస్తాయి, సరుకు మే, జూన్ నెలల్లో చేరాలి. సెప్టెంబరు చివర ఉద్యోగం విడిచినవారికి మిషన్లు సమకూర్చుకొని, నమూనాలు కుట్టి, పాఠశాలలను కలుసుకోవడానికి నాలుగైదు నెలలు దొరుకుతాయి. మొదటి సీజను ముగిసే వరకు కుటుంబానికి వైద్యరక్షణ కూడా ఉంటుంది. జూన్ మొదటి వారంలో విడిచినవారు ఆ చందా కాలంలో 78 రోజులు పూర్తిచేయలేరు. పైగా మరో సీజనుకు ఏడాది వేచి ఉండవలసి వస్తుంది.

దీపావళికి ముందు మానివేస్తే బోనసు పోతుందని కొందరు భావిస్తారు. ఇది సరికాదు. బోనసు నియమాలు వర్తించే సంస్థలో ఆ లెక్కల సంవత్సరంలో కనీసం 30 రోజులు పనిచేసినవారు, అర్హతగల వేతన పరిమితిలో ఉంటే, పనిచేసిన కాలానికి బోనసు కోరవచ్చు.

ఆ రోజుతో ఆగిపోయేది

భవిష్యనిధి సభ్యుడు ఉద్యోగంలో ఉండగా మరణిస్తే కుటుంబానికి 7 లక్షల రూపాయల వరకు బీమా అందుతుంది. దీనికి కార్మికుని జీతం నుండి పైసా కోత ఉండదు. అందువల్లనే ఇది ఉన్నట్లు చాలామందికి తెలియదు. ఉద్యోగం మానివేయడంతో ఈ రక్షణ ముగుస్తుంది. అప్పు తెచ్చి వ్యాపారం మొదలుపెట్టే సమయంలోనే కుటుంబం బీమా లేకుండా మిగలడం ప్రమాదకరం. బ్యాంకు ఖాతా ద్వారా ఏటా 436 రూపాయలకు 2 లక్షల జీవిత బీమా, 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి పథకాలు రెండు ఉన్నాయి. జీవిత బీమాలో 18 నుండి 50 ఏళ్ల లోపువారు, ప్రమాద బీమాలో 18 నుండి 70 ఏళ్ల లోపువారు చేరవచ్చు. పాత బీమాకు ఇవి పూర్తిగా సాటిరావు. అయినా రాజీనామాకు ముందే వీటిలో చేరడం కనీస జాగ్రత్త.

భవిష్యనిధి సొమ్ము సంగతి వేరు. ఉద్యోగం మానినంత మాత్రాన దానిపై వడ్డీ ఆగిపోదు. దానినంతా తీసి మిషన్లపై పెట్టాలన్న తొందర సాధారణం. మిషన్‌ను అప్పుపై కొనవచ్చు, వృద్ధాప్యానికి అప్పు ఇచ్చేవారుండరు. పైగా ఐదేళ్ల నిరంతర సేవకు ముందు తీసుకొంటే ఆ మొత్తం ఆదాయపు పన్ను పరిధిలోకి వస్తుంది. ఉపసంహరణ గడువులు కాలానుగుణంగా సవరించబడుతుంటాయి గనుక దరఖాస్తు నాటి నియమాన్ని భవిష్యనిధి కార్యాలయంలో నిర్ధారించుకోవాలి.

పేరు ఒక్కటే, వ్రాత నాలుగు విధాలు

తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది. మరాఠీ పద్ధతిలో సొంత పేరు, తండ్రి లేదా భర్త పేరు, చివర ఇంటిపేరు వస్తాయి. పాఠశాల రికార్డులో ఒక విధంగా, ఆధార్‌లో మరో విధంగా, పాన్ కార్డులో పొడి అక్షరాలతో, కార్ఖానా రిజిస్టరులో వాడుక పేరుతో ఉన్నవారు ఎందరో. ఉద్యోగంలో ఉన్నంత కాలం ఇది ఇబ్బందిగా తోచదు. భవిష్యనిధి దరఖాస్తు తిరస్కరణకు గురైనప్పుడో, బ్యాంకు అప్పు ఆగినప్పుడో బయటపడుతుంది.

భవిష్యనిధి రికార్డులో పేరు, పుట్టినతేదీ దిద్దించుకోవడానికి కొన్ని సందర్భాల్లో యజమాని ధ్రువీకరణ అవసరం. ఉద్యోగంలో ఉండగా సులభంగా లభించే సంతకం, మానివేసిన తరువాత, అందునా అదే వ్యాపారంలో పోటీకి దిగిన తరువాత, సులభంగా లభించకపోవచ్చు. అందువల్ల ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, భవిష్యనిధి రికార్డు ఈ నాలుగింటిలోనూ పేరు ఒకే విధంగా ఉన్నదని రాజీనామా పత్రం ఇవ్వకముందే సరిచూసుకోవాలి. నామినీ పేరు నమోదైనదో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

కొత్త యూనిట్‌కు కావలసిన నమోదులు

మహారాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం 2017 ప్రకారం ఇరవైమంది కంటే తక్కువ పనివారు ఉన్న సంస్థకు రిజిస్ట్రేషను అవసరం లేదు. ఆన్‌లైన్‌లో సమాచారం తెలియజేసి రసీదు పొందితే చాలు. బ్యాంకులో కరెంటు ఖాతా తెరవడానికి ఈ రసీదు ఉపకరిస్తుంది.

ఉద్యమ్ నమోదు ఉచితం. ఆధార్, పాన్ సంఖ్యలు చాలు. రుసుము అడిగే మధ్యవర్తులను, ప్రభుత్వ పోర్టల్‌ను పోలిన వెబ్‌సైట్లను నమ్మరాదు. ఈ నమోదు వల్ల కలిగే ముఖ్య ప్రయోజనం చట్టబద్ధ చెల్లింపు గడువు. సూక్ష్మ, చిన్న సంస్థ నుండి సరుకు స్వీకరించిన కొనుగోలుదారు, వ్రాతపూర్వక ఒప్పందం లేకుంటే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో సొమ్ము చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ చెల్లించవలసి ఉంటుంది. అరువుపై సాగే వ్యాపారంలో మూలధనం చాలావరకు ఇతరుల వద్దే చిక్కుకొంటుంది. అందువల్ల మొదటి ఆర్డరుకు ముందే ఈ నమోదు పూర్తిచేసుకోవాలి, ప్రతి ఆర్డరుకూ వ్రాతపూర్వక ఒప్పందం తీసుకోవాలి.

సరుకు అమ్మకాలు ఏడాదికి 40 లక్షలు దాటే వరకు జీఎస్టీ నమోదు సాధారణంగా తప్పనిసరి కాదు. ఇతరుల బట్టను కూలికి కుట్టి ఇవ్వడం సేవ కిందికి వస్తుంది, దాని పరిమితి 20 లక్షలు. అయితే రాష్ట్రం దాటి సరుకు అమ్మితే ఈ మినహాయింపు వర్తించదు. బంధుత్వాల ద్వారా హైదరాబాదు, కలబురగి వ్యాపారులతో సంబంధాలున్న సోలాపూర్ తెలుగువారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంటిలోనే మిషన్లు నడిపేవారు విద్యుత్ కనెక్షను ఏ తరగతిలో ఉండాలో మహావితరణ్ కార్యాలయంలో ముందుగా అడగాలి. అనుమతించిన అవసరానికి భిన్నంగా విద్యుత్తును వాడినట్లు తేలితే వర్తించే ధరకు రెట్టింపు వసూలు చేసే అధికారం చట్టంలో ఉంది. ఇంటి వాడుక మారితే ఆస్తిపన్ను విషయమై నగరపాలక సంస్థ జోన్ కార్యాలయానికి తెలియజేయాలి.

అప్పు తీసుకొనే క్రమం

ముద్రా పథకం కింద బ్యాంకులు తాకట్టు లేకుండా అప్పు ఇస్తాయి. 50,000 వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్ అనే తరగతులున్నాయి. తాకట్టు లేదన్నంత మాత్రాన తిరిగి కట్టనక్కరలేదని కాదు. సీజను ఆధారిత వ్యాపారానికి మొదటి నెల నుండే కిస్తీ భారమవుతుంది. కిస్తీ ఎప్పటి నుండి మొదలవుతుందో సంతకానికి ముందే బ్యాంకుతో మాట్లాడుకోవాలి.

ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కొత్త యూనిట్లకు రాయితీతో కూడిన అప్పు ఇచ్చేందుకు ఏర్పడింది. ముందే ప్రారంభించిన యూనిట్ దీనికి అర్హం కాదు. కాబట్టి మిషన్లు కొని ఆపైన రాయితీ కోసం వెళ్లేవారు నిరాశ చెందుతారు. దరఖాస్తులు స్వీకరిస్తున్నారో లేదో, ఏయే పత్రాలు కావాలో జిల్లా పరిశ్రమల కేంద్రంలో ముందుగా కనుక్కొని, మంజూరు అయిన తరువాతనే ఖర్చు మొదలుపెట్టాలి.

పాటించవలసిన వరుస

1. నాలుగు పత్రాలలో పేరు ఒకే విధంగా ఉన్నదని సరిచూసుకొని, అవసరమైతే దిద్దించుకోవాలి.
2. గ్రాట్యుటీకి ఐదేళ్లు, పింఛనుకు పదేళ్లు, ఈఎస్ఐకి 78 రోజులు ఎప్పుడు నిండుతాయో వ్రాసుకోవాలి.
3. రాయితీ అప్పు కోరేవారు ఏదీ కొనకముందే దరఖాస్తు చేయాలి.
4. ఇంటి ఖర్చుకు మొదటి సీజను సొమ్ము చేతికందే వరకు సరిపడే మొత్తాన్ని వ్యాపార పెట్టుబడిలో కలపకుండా వేరే ఖాతాలో ఉంచాలి.
5. జీవిత, ప్రమాద బీమాలలో చేరాలి.
6. ఆ తరువాత రాజీనామా పత్రం వ్రాతపూర్వకంగా ఇచ్చి, నకలుపై తేదీతో సంతకం తీసుకోవాలి.
7. ఉద్యోగం విడిచిన తేదీ భవిష్యనిధి రికార్డులో నమోదైనదో లేదో చూసుకోవాలి. యజమాని నమోదు చేయకపోతే రెండు నెలల తరువాత సభ్యుడే పోర్టల్‌లో నమోదు చేయవచ్చు.

ఈ పనులన్నింటికీ కలిపి కొన్ని నెలలు పడుతుంది. ఆ నెలల్లో జీతం ఆగదు, ఈఎస్ఐ చందా ఆగదు, సేవాకాలం పెరుగుతూనే ఉంటుంది. సొంత యూనిట్‌కు కావలసిన మొదటి పెట్టుబడిలో కొంత భాగం ఇలా ఉద్యోగంలో ఉండగానే సమకూరుతుంది.